కరిసల్ గాలిలో కళాశాల బాస్కెట్‌బాల్: కోవిల్‌పట్టి, విరుదునగర్ కోర్టుల పరిశీలన

మధురై నుంచి తిరునెల్వేలికి సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల ఎడంలో ఉన్న విరుదునగర్, కోవిల్‌పట్టి పట్టణాలు నేలలోనూ వాతావరణంలోనూ ఒకే ప్రాంతానికి చెందినా, కళాశాల క్రీడల లెక్కలో మాత్రం వేరువేరు పరిధుల్లోకి వస్తాయి. 1990లో తిరునెల్వేలిలో మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి కోవిల్‌పట్టిలోని ఆర్ట్స్, సైన్స్ కళాశాలలు దాని పరిధిలో ఉండగా, విరుదునగర్ కళాశాలలు 1966లో స్థాపితమైన మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంతోనే కొనసాగుతున్నాయి. అందుచేత ఈ రెండు ఊళ్ల జట్లు తమ తమ విశ్వవిద్యాలయ అంతర్ కళాశాలల పోటీల్లో ఎదురుపడవు. స్నేహపూర్వక మ్యాచ్‌లలోనూ, ఆహ్వాన టోర్నమెంట్లలోనూ మాత్రమే తలపడతాయి. అంతర్ కళాశాలల పోటీల్లో రాణించినవారు విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికై, అక్కడి నుంచి దక్షిణ మండల పోటీలకూ, ఆ తరువాత అఖిల భారత స్థాయికీ వెళతారు కనుక, విద్యా సంవత్సరపు తొలి నెలల్లో జట్టు ఎలా ఆడుతున్నదన్న ప్రశ్న ఆటగాళ్లకు చాలా విలువైనది.

కోవిల్‌పట్టి పేరు చెప్పగానే క్రీడాభిమానులకు గుర్తొచ్చేది హాకీ. 2022లో జకార్తాలో ఆసియా కప్ కాంస్యం గెలిచిన భారత జట్టులోని మారీశ్వరన్, కార్తి ఈ పట్టణపు హాకీ శిక్షణలో ఎదిగినవారు. ఆ వెలుగు పక్కన బాస్కెట్‌బాల్ చిన్నదిగా కనిపించవచ్చు గాని, 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలతో వేళ్లూనుకున్న ఈ ఆటకు తమిళనాడులో నూరేళ్ల పునాది ఉంది. కోర్టు గట్టున నిలబడి చూసేవారిలో ఇళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాల వారు కూడా కనిపిస్తారు. తమిళ రచయిత కి. రాజనారాయణన్ సొంత ఊరు ఇడైసెవల్ కోవిల్‌పట్టికి దగ్గరలోనే ఉంది. ఈ నల్లరేగడి ప్రాంతంలో, అంటే తమిళులు 'కరిసల్' అని పిలిచే భూమిలో, శతాబ్దాల క్రితం స్థిరపడిన తెలుగువారి కథే ఆయన 'గోపల్ల గ్రామం' నవల.

ఈ పరిశీలనకు తీసుకున్న జట్టు కోవిల్‌పట్టిలోని ఒక కళాశాలది. విరుదునగర్‌లో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌తో కలిపి, తొలి నెలల్లో దాని ఓటములు గెలుపులకంటే ఎక్కువే. మూడు పాయింట్ల బుట్టలు, అంటే బుట్టకు 6.75 మీటర్ల దూరంలో గీసిన వంపు రేఖ బయటి నుంచి వేసినవి, పదేపదే గురి తప్పుతున్నాయని గట్టున నిలిచినవారు నిరాశ పడ్డారు. ఆ నిరాశ సహజమే గాని, దాని మీద తీర్పు నిలబెట్టడం సరికాదు. బయలు సిమెంటు కోర్టు మీద ఆడే ఈ జట్టుకు ఏటి నడిమి నెలలన్నీ గాలి నెలలే. నైరుతి రుతుపవనం పశ్చిమ కనుమల సెంగోట్టై కనుమ గుండా దూసుకొచ్చి, కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారు మైదానంలో గాలిమరలను తిప్పుతుంది. ఆ గాలికి దూరం నుంచి వేసిన బంతి దారి మారుతుంది, దగ్గరి నుంచి వేసినది అంతగా మారదు.

గాలిని పక్కన పెట్టినా గణితం అదే మాట చెబుతుంది. వాస్తవంగా నూటికి 33 మూడు పాయింట్ల బుట్టలు వేయగల జట్టు కొద్ది మ్యాచ్‌లలో నూరు ప్రయత్నాలు చేస్తే, కేవలం యాదృచ్ఛికంగానే ఫలితం 24 నుంచి 42 మధ్య ఎక్కడైనా పడవచ్చు. అమెరికన్ విశ్లేషకుడు డీన్ ఆలివర్ గెలుపును నాలుగు అంశాలుగా విడదీసి, బుట్ట వేసే సామర్థ్యానికి 40 శాతం, బంతిని పోగొట్టుకోకపోవడానికి 25, రీబౌండ్లకు 20, ఫ్రీత్రోలకు 15 చొప్పున ప్రాధాన్యం ఇచ్చాడు. అయితే అన్నిటికన్నా బరువైన మొదటి అంశంలోనే అదృష్టం పాలు ఎక్కువగా ఉండి, తొలి నెలల్లో అది కుదురుకోదు. తక్కిన అంశాల్లో, ముఖ్యంగా మధ్య రెండింటిలో, సాధన ఫలితం త్వరగా తేలుతుంది.

ఆ దృష్టితో చూస్తే జట్టు చిత్రం మారిపోతుంది. రీబౌండ్ అంటే బుట్టలో పడక తిరిగి వచ్చిన బంతిని చేజిక్కించుకోవడం. ఈ జట్టులోని పొడవాటి ఆటగాళ్లు బంతి కోసం పైకి ఎగరకముందే ప్రత్యర్థిని వీపుతో ఆపి చోటు సంపాదించుకుంటున్నారు. మార్గదర్శకుడు ఓపికగా నేర్పితే తప్ప ఇది అబ్బేది కాదు. రక్షణలో వారు ఒక్కొక్క ప్రత్యర్థినీ వెంటాడకుండా కోర్టును భాగాలుగా పంచుకుని కాపాడే జోన్ పద్ధతి పాటిస్తూ, విరుదునగర్ ఆటగాళ్లను బుట్టకు దూరంగానే, గాలి ఏలే చోటనే నిలిపి ఉంచారు. గట్టున చేతులు కట్టుకుని నిలబడ్డ ఒక వృద్ధ అభిమాని తీర్పు కూడా ఇదే: బుట్టలు ఈ నెల తప్పినా వచ్చే నెల పడతాయి గాని, కాళ్లు కదలని జట్టుకు ఏ నెలా కలిసిరాదు.

లోటు లేదని కాదు. 24 సెకన్ల గడువులోగా బుట్టకు ప్రయత్నించి తీరాలన్న నిబంధన కింద ఆటను నడిపే పాయింట్ గార్డ్ ఒక్కడే ఉన్నాడు. పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు సాగే ఆటలో చివరి భాగానికి అతడు అలసిపోగానే బంతి ప్రత్యర్థి చేతికి పోవడం, అంటే టర్నోవర్, మొదలవుతుంది. విరుదునగర్‌లో మ్యాచ్ చేజారింది మూడు పాయింట్ల రేఖ దగ్గర కాదు, ఇక్కడే. అక్టోబరులో ఈశాన్య రుతుపవనపు వానలు మొదలై, పైకప్పు లేని కోర్టు తడిసి సాధనకు పనికిరాకుండా పోయేలోపు రెండో గార్డును తయారు చేయడమే ఈ జట్టు ముందున్న మొదటి పని. అందుకు మొదటి సంవత్సరపు కుర్రవాళ్లలో బంతిని రెండు చేతులా సమానంగా ఆడించగల ఒకడు అప్పుడే సాధనలో కనిపిస్తున్నాడు. అతనికి స్నేహపూర్వక మ్యాచ్‌లలో, ఓడినా ఫర్వాలేదని, పూర్తి భాగాలు అప్పగించాలి.