అంకె కాదు, నడక

మాది సత్తెనపల్లి. సాగర్ కుడికాలువ ఆయకట్టు ప్రాంతమే అయినా, కాలువలో నీరు రాని రోజుల్లో మిరపచేనును కాపాడేది మోటారే. తడిసిన మోటారును ఆరబెడితే సరిపోతుందా, తీగ మొత్తం తిరిగి చుట్టించాలా అన్నది రైతుకు వేల రూపాయల ప్రశ్న.

ఒకసారి రివైండింగ్ దుకాణంలో ఒక రైతు విసుగ్గా అడిగాడు: "అంకె వచ్చిందిగా మేస్త్రీ, ఇంకా ఎందుకు పట్టుకున్నావు?"

"వచ్చిన అంకె కాదు బాబాయ్, అది ఎక్కుతోందా లేదా అన్నది చూడాలి" అన్నాడు మేస్త్రి, మెగ్గర్ మీది నుంచి చూపు తిప్పకుండా.

పరిశోధనశాలలో పాలిమర్ పొరల మీద కొన్నేళ్లు నేను చేసిన పని సారాంశం ఆ ఒక్క మాటలో ఉంది. రాగితీగ మీది ఎనామిల్, వార్నిష్, మధ్యన పెట్టే పాలియెస్టర్ పొర, ఇవన్నీ పాలిమర్లే. గొలుసుల వంటి పొడవైన అణువులు. 500 వోల్టులు పెట్టగానే వాటిలోని ద్విధ్రువాలు ఆ దిక్కుకు ఒరగబోతాయి. కొన్ని రెప్పపాటులో ఒరుగుతాయి. పక్క గొలుసులు అడ్డుపడినవి తాపీగా కదులుతాయి. పొరల సరిహద్దుల్లోనూ ఆవేశం మెల్లగా పోగవుతుంది. ఈ సర్దుబాటు సాగినంతసేపూ సన్నని ప్రవాహం పారి, క్రమంగా తగ్గుతుంది. అందువల్ల మెగ్గర్ చూపే నిరోధం పెరుగుతుంది. తేమ ఉంటే నిలకడగా కారే ప్రవాహమే పైచేయి అవుతుంది. అంకె ఉన్నచోటే ఉండిపోతుంది.

చిన్న మోటార్లకు 30వ, 60వ సెకను అంకెలను పోల్చి చూస్తారు. పెద్ద యంత్రాలకైతే 1వ, 10వ నిమిషం అంకెల నిష్పత్తి తీస్తారు; నేటి ఇన్సులేషన్లలో ఎక్కువ వాటికి అది కనీసం 2 ఉండాలంటారు.

1854లో జర్మనీలో కోల్‌రాష్ లైడెన్ జాడీలో మిగిలిన ఆవేశం తగ్గే తీరును కొలిచి, దానికొక సూత్రం రాశాడు. 1970లో విలియమ్స్, వాట్స్ అదే రూపాన్ని పాలిమర్లకు వర్తింపజేశారు. ఆ సూత్రం చెప్పేది ఇదే: గొలుసులన్నీ ఒకే వేగంతో సడలవు.

పరీక్ష ముగిశాక మేస్త్రి తీగ కొనలను కలిపి చాలాసేపు అలాగే ఉంచాడు. ఒక్క క్షణం తాకించి వదిలేస్తే, ఆలస్యంగా సడలే ద్విధ్రువాలు మళ్లీ వోల్టేజీని పైకి తెస్తాయి. ముట్టుకున్నవాడికి షాకు తగలవచ్చు. పెద్ద యంత్రాలకు పరీక్షించిన కాలానికి నాలుగింతలు ఆగమంటారు.

ఆ రోజు అంకె ఎక్కింది. రైతు ఆరబెట్టే కూలి మాత్రమే ఇచ్చి, మోటారును బండికెత్తించుకున్నాడు.