ఓటరు జాబితాలో మా వీధి

నవంబరు 9, 2025, ఆదివారం

సాయంత్రంతో ప్రచారం మైకులు ఆగాయి. జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక అనగానే ఊళ్ళ నుంచి ఫోన్ చేసే చుట్టాలందరికీ బంగళాలే గుర్తొస్తున్నాయి. ఆ బంగళాల్లో చాలా భాగం ఖైరతాబాద్ నియోజకవర్గంలోకి పోయాయి. మా దాంట్లో ఉన్నవి ఎక్కువగా యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, షేక్‌పేట బస్తీలు. ఇరుకు మెట్లు, ఒంటి గదులు, ఒకటో తారీఖు అద్దెలు.

చాయ్ హోటల్ దగ్గర, ఎల్లుండి బూత్ ఏజెంటుగా కూర్చోబోయే కుర్రాడు మా పార్టు జాబితా చూపించాడు. పేర్ల పక్కన పెన్సిలుతో టిక్కులు, సున్నాలు. ఎవరు ఎటో ఎలా తెలుసని అడిగాను. “పేరు చూస్తే తెల్వదా సార్? ఈ గల్లీ మొత్తం మనోళ్ళే, ఆ గల్లీ ఆళ్ళోళ్ళు” అన్నాడు. మా ఇంటి నంబరు వెతికాను. నా పేరు, మా ఆవిడ పేరు ఉన్నాయి. వాటి కింద, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయిన దంపతుల పేర్లు. వాళ్ళకీ టిక్కులు పెట్టేశాడు! ఇప్పుడు మా ఇంట్లో పైన అద్దెకుంటున్న జంట మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేదు.

నవంబరు 11, మంగళవారం

పొద్దున్నే ఓటేసి వచ్చాం. క్యూలో నిలబడ్డవాళ్ళలో సొంతిళ్ళవాళ్ళు, ఏళ్ళ తరబడి ఇక్కడే పాతుకున్న కుటుంబాలవాళ్ళే ఎక్కువ. పైన ఉండే అబ్బాయిది పాలకొల్లు వైపు. కృష్ణానగర్‌లో చాలామందిలాగే సినిమా పనే, లైట్‌మన్. తెల్లవారుజామునే షూటింగుకి వెళ్ళిపోయాడు. నిన్న అడిగితే, “మా ఓటు ఊళ్ళోనే ఉందండి మాస్టారూ. రేషన్ కార్డూ అక్కడే, అమ్మా అక్కడే” అన్నాడు. కిందటేడు మే 13న ఊరెళ్ళి ఓటేసి వచ్చాడు. ఆ రోజు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పోలింగే. అక్కడ 81.86 శాతం పడితే ఇక్కడ హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం కూడా పడలేదు. బస్సెక్కి ఊరెళ్ళినవాళ్ళలో రెండు చోట్లా పేరున్నవాళ్ళూ ఉంటారు. ఒకరికి ఒక్క నియోజకవర్గంలోనే ఓటుండాలని 1950 చట్టం చెబుతున్నా, జాబితాలు అలా లేవు. అలాంటి మనిషి అక్కడ బాధ్యత గల పౌరుడు, ఇక్కడి లెక్కలో బద్ధకస్తుడు.

నవంబరు 12, బుధవారం

నిన్నటి పోలింగ్ 48.49 శాతమట. 2023లో ఇదే నియోజకవర్గంలో 47.58. టీవీలో మళ్ళీ అదే మందలింపు: చదువుకున్నవాళ్ళకి సెలవిస్తే నిద్రపోతారు, పల్లెను చూసి నేర్చుకోండి. 2023లో మునుగోడులో 91 శాతం పైన, యాకుత్‌పురాలో 40 లోపు పడిన మాట నిజమే. అంత మాత్రాన యాకుత్‌పురా జనానికి రాజకీయం పట్టదని ఎవరైనా అనగలరా? అక్కడ గెలుపు 878 ఓట్ల తేడాతో తేలింది!

నిద్రపోయేవాళ్ళు లేరని కాదు. ఉన్నారు, వాళ్ళ మీద నాకూ కోపమే. కానీ శాతం లెక్కగట్టేది జాబితాలో పేర్ల మీద, వీధిలో మనుషుల మీద కాదు. పల్లెలో పేరూ మనిషీ ఒకే గడపలో ఉంటారు. ఇక్కడ అద్దె పెరిగినప్పుడల్లా మనిషి ఇల్లు మారతాడు, పేరు పాత ఇంట్లోనే ఉండిపోతుంది. 2020 కార్పొరేషన్ ఎన్నికల్లో నగరం మొత్తమ్మీద అతి తక్కువ పోలింగ్ మా యూసుఫ్‌గూడ డివిజన్‌లోనే, 33 శాతం. అద్దె గదుల డివిజన్ ఇది. కులం, మతం, చదువు వరస పెట్టి చెప్పే విశ్లేషకులు సొంతిల్లా, అద్దిల్లా అని ఒక్కసారైనా అడగరేం?

నవంబరు 14, శుక్రవారం

కాంగ్రెస్ 24,729 ఓట్లతో గెలిచింది. 2023లో ఇక్కడే బీఆర్ఎస్ నుంచి మాగంటి గోపీనాథ్ కాంగ్రెస్ అభ్యర్థి అజారుద్దీన్‌ని 16,337 ఓట్లతో ఓడించారు. ఈ రెండేళ్ళలో మా గల్లీల్లో కులాలు మారాయా, మతాలు మారాయా? మారింది అధికార పక్షం. అప్పుడు సొంత అభ్యర్థిని నిలిపిన మజ్లిస్ ఈసారి కాంగ్రెస్‌కి మద్దతిచ్చింది. గోపీనాథ్ లేరు. పేరు చూసి టిక్కు పెట్టే పద్ధతిలో ఇవేవీ కనబడవు.

ఇక బూత్ వారీ ఓట్ల లెక్కలు బయటికొస్తాయి. ఏ గల్లీ ఎవరికేసిందో నాయకులకి తెలుస్తుంది. నా ఓటు రహస్యమే, మా గల్లీ ఓటు కాదు. నాలాగా బూత్‌కి వెళ్ళేవాళ్ళున్న వీధికి మోరీ బాగవుతుంది. జాబితాలో లేని అద్దె గదుల కోసం ఎవరొస్తారు?

నవంబరు 16, ఆదివారం

పై అబ్బాయినీ అతని భార్యనీ పిలిచి కూర్చోబెట్టాను. ఫారం 8 పెట్టుకుంటే ఓటు ఇక్కడికి మారుతుంది. చిక్కల్లా చిరునామా రుజువు దగ్గరే. ఆధార్ మీద ఊరి చిరునామా ఉంది. నాలాంటి ఓనర్లు ఇచ్చే పదకొండు నెలల కాగితం రిజిస్టరైంది కాదు. నేను రిజిస్టర్ చేయించి ఇస్తానన్నాను. ఓటు తీసేస్తే రేషన్ కార్డు కూడా పోతుందేమోనని ఆ అమ్మాయి భయం. రెండింటికీ సంబంధం లేదని చెప్పాను. అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “ఊళ్ళో పంచాయతీ ఎన్నికప్పుడు నా ఓటు లేదంటే మా బాబాయి ఊరుకోడండి” అన్నాడు చివరికి. సంక్రాంతికెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడి వచ్చాక చెబుతామన్నారు.