వంత పాడినోళ్ళం

పుస్తకాల తెలుగులో 'వంత పాడటం' అంటే తిట్టు. పెద్దోళ్ళ మాటకల్లా తలూపేవాణ్ణి అట్లా అంటారు. మా మాదిగపల్లెలో ఆ మాటకు అర్థం వేరు. ముందు గొంతు ఒకరిది, ఎనక గొంతు అందరిదీ. ఆ ఎనక గొంతులో నుంచే నేను ఉద్యమంలోకి వచ్చినాను.

మాది గండికోట దగ్గర పెన్న ఒడ్డు పల్లె. కోట చూడ్డానికి వచ్చేవాళ్ళకు జుమ్మా మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం చూపిస్తారు. పెమ్మసాని నాయకుల కథ చెప్తారు. ఆ రాళ్ళు మోసినోళ్ళు ఎవరో ఎవురూ చెప్పరు. మా చరిత్ర రాతిలో లేదు, పలకలో ఉంది. అప్పట్లో ఆ పలక కూడా మాది కాదు. గంగమ్మ జాతరకు కొట్టాల, పెద్దింట్లో సావుకు కొట్టాల, సాటింపుకు కొట్టాల. మా నాయన చెప్పులిడిచి కొట్టేవాడు. దానికి కళ్ళంలో నాలుగు చేటల గింజలు, పండగనాడు మిగిలిన సంగటి. ఇక ఆడపిల్ల పలక ముట్టగూడదనే కట్టు మా పల్లెదే. "ఆడదానికి పలకేందమ్మీ, పొయ్యికాడికి పో" అనేది మా జేజి.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినారు. మంచినీళ్ళ చెరువును మురికి చేయొద్దన్నందుకు కొట్టబోతే, మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. అక్కణ్ణుంచి పెరిగింది ఆ పగ. ఈ సంగతి మా పల్లెకు పేపర్లో రాలేదు. పేపరు చదివేవాళ్ళు ఇద్దరో ముగ్గురో. హాస్టల్లో చదివే మా అన్న సెలవులకొచ్చి పాట కట్టి చెప్పినాడు. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

ఉపన్యాసం ఇనాలంటే కూర్చోవాల. కూలికి పోయొచ్చినోళ్ళు యాడ కూర్చుంటారు? పాట అట్లా కాదు. పల్లవి నాలుగు మాటలు. రెండోసారికి పిల్లోళ్ళు అందుకుంటారు, మూడోసారికి పొయ్యికాడున్న అమ్మ అందుకుంటాది. తెల్లారేసరికి ఎవురిని చంపినారో, ఎందుకు చంపినారో పల్లెంతా నోటికొచ్చింది. ఇంకో సంగతి. ఒక్కడు మాట్లాడితే పొద్దున్నే వాణ్ణి పట్టుకుంటారు. నలభై గొంతులు పాడితే ఎవురి పేరు చెప్తారు? పెద్దోళ్ళ కక్షలకు మా పిల్లోళ్ళ చేతికి బాంబులిచ్చి ముందు నిలబెట్టే ఈ సీమలో, మా కోసం మేము నోరు తెరిచింది ఆ వంతలోనే.

తర్వాత చట్టాన్నీ పాట కట్టినాం. 1989 అట్రాసిటీ చట్టం పేరు చాలామంది విన్నారు. 1995 నిబంధనల ప్రకారం డీఎస్పీకి తక్కువ కాని అధికారే దర్యాప్తు చేయాలని సంతకం రాని మా పెద్దమ్మకు తెలిసింది పాటతోనే. స్టేషన్లో ఆ మాట అడిగి నిలబడింది కూడా.

ఒక ఏడు జాతరకు మా పిల్లోళ్ళు "కూలి కడితే కొడతాం, ఎట్టికి కొట్టం" అన్నారు. రెండు నెలలు మమ్మల్ని పనికి పిలవలేదు. ఆ రెండు నెలల్లోనే పలక మాదైంది. మా సభకు మేమే కాచుకున్నాం, మేమే కొట్టుకున్నాం. నా చేతికీ వచ్చింది. జేజి వద్దనలేదు. "గట్టిగా కొట్టమ్మీ, ఊళ్ళోకి ఇనపడాల" అనింది.

ఇది మా ఒక్కరి కథ కాదు. 1962లో అమెరికాలో, జార్జియా రాష్ట్రం ఆల్బనీలో నలుగురు నల్లజాతి యువతీయువకులు ఫ్రీడం సింగర్స్‌గా ఏర్పడి, కారులో ఊరూరా తిరిగి పాడి ఉద్యమానికి డబ్బు కూడగట్టినారు. వాళ్ళలో బెర్నీస్ జాన్సన్‌ను ఊరేగింపులో అరెస్టయినందుకు అంతకుముందే కాలేజీ బయటికి పంపింది. చర్చిలో నేర్చిన వంతే వాళ్ళకు ఆయుధం.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు మారినా పాట మారలేదు. చచ్చినోళ్ళ పేర్లు అందులో ఉండాయి.

అదే ఆగస్టు 6న, 2023లో గద్దర్ పోయినాడు. జనం ఏడ్చినారు, ఏడవాల్సిందే. గూడ అంజయ్యనూ, మాస్టార్జీనీ, కలేకూరి ప్రసాద్‌నూ తలుచుకుంటాం, తలుచుకోవాల్సిందే. మరి ఎనక నిలబడి పాడినోళ్ళో? రాత్రంతా పాడి పరీక్ష తప్పినోడు, గొంతు పోయి మళ్ళీ పాడనోడు, పెండ్లయినాక పాట మాన్పించిన ఆడపిల్ల. ఏ క్యాసెట్టు అట్ట మీదా వాళ్ళ పేరు లేదు.

చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ పాటల పుస్తకంలో కట్టినోళ్ళ పేరు కింద వంత పాడినోళ్ళ పేర్లు కూడా వేయండి. పరీక్షల ముందు పిల్లోళ్ళను రాత్రి సభలకు తిప్పొద్దండి. ఆడపిల్ల చేతికి పలక ఇయ్యండి. నాయకుడు పోతే పాట ఆగకూడదంటే, ఎనక గొంతు బతికుండాల.