నీకెంత తీపి కావలెను?

తేనీరు మన దేశమున స్త్రీలును పురుషులును త్రాగుదురు గాని, వీథిలో నిలువబడి తేనీరు త్రాగు హక్కు మాత్రము పురుషులకే చెల్లినట్లు కనబడుచున్నది. మా పెద్దాపురమున గాని, సామర్లకోట రైలుస్టేషను వద్ద గాని తెల్లవారకమునుపే టీకొట్ల ముందటి బల్లలు నిండిపోవును. పత్రిక చదువువారు, పొలమునకు పోవువారు, ఆటో తోలువారు, పింఛను పుచ్చుకొనువారు అందఱును అచ్చట చేరుదురు. ఆ గుంపులో స్త్రీ యొకతె గాజుగ్లాసు చేతబట్టి తీరికగా నిలిచియుండుట మేము మిక్కిలి అరుదుగా చూచితిమి. కూడదని యే శాస్త్రమును చెప్పలేదు. ఎవ్వరును పలక వ్రాసి కట్టలేదు. అయినను బడిలో పాఠములు చెప్పి గొంతు ఆరిపోయిన ఉపాధ్యాయినులు సయితము ఇంటికి వచ్చి, తామే కాచుకొని, అందఱికిని పోసి, పిమ్మట త్రాగుదురు.

అందుచేతనే, సింగపూరు నగరమున బబుల్ టీ దుకాణమును చూచినపుడు మా చూపు మొట్టమొదట పడినది పానీయము మీద కాదు, దాని కొఱకు నిలిచిన వరుస మీద. 2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మా అక్కయు బావగారును పిలువగా మేము ఆ నగరమున మూడు వారము లుంటిమి. వారి కాపురము ఈశాన్యభాగమునందలి పుంగోలు అను పేటలో. సాయంకాలము రైలు దిగి వచ్చునపుడు అంగళ్ల నడుమ నట్టి దుకాణ మొకటి దాటకమునుపే మఱియొకటి కనబడుచుండెను. బడి విడిచిన బాలికలు, ఆఫీసు విడిచిన యువతులు, పసిపిల్లల బండ్లు త్రోయు తల్లులు, తల నెరసిన అవ్వలు వరుసలో నిలిచి, నాలుగైదు డాలర్లు చెల్లించి, తమ గ్లాసు తాము పుచ్చుకొని పోవుచుండిరి. మన లెక్కను అది 250 నుండి 300 రూపాయలు. పురుషులును ఉండిరి గాని మేము చూచిన వరుసలలో ఆడువారే యెక్కువ. ఎవ్వరును వారిని వింతగా చూచుట లేదు.

ఈ పానీయము నెఱుగని సోదరీమణులకొఱకు కొంత చెప్పవలసియున్నది. కాచి చల్లార్చిన తేనీటిలో పాలు, చక్కెరపాకము, మంచుముక్కలు వేసి మూతబెట్టి గట్టిగా గిలకరింతురు. అపుడు పైకి తేలు నురుగునుబట్టియే దీనికి బుడగల తేనీరను పేరు వచ్చినది. గ్లాసు అడుగున రేగుపండు గింజంతేసి నల్లని మెత్తని గుండ్లుండును. వీనిని ముత్యము లందురు. లావుపాటి స్ట్రాతో పీల్చినచో తేనీటితోపాటు ముత్యమును నోటిలోనికి వచ్చును. దానిని నమలుచు త్రాగవలెను. త్రాగుటయు తినుటయు నొక్కమాఱే జరుగు పానీయ మిది.

దీని జన్మస్థానము తైవాను ద్వీపము. కాలము 1980ల రెండవ సగము. తైచుంగు నగరమునందలి చున్ షుయి టాంగ్ అను తేనీటి శాలవారు, తమ సంస్థలో పనిచేయుచుండిన లిన్ హ్సియు-హుయి అను నామె తాను తినుచున్న తీపి గుండ్లను చల్లని తేనీటిలో వేసి చూచుటతో నిది పుట్టినదని చెప్పుదురు. తైనాను నగరమునందలి హాన్‌లిన్ అను శాలవారు తామే ముందనిరి. ఈ వివాదము న్యాయస్థానమున పదియేండ్లు నడచి, ఇది యెవ్వరైనను చేసికొనదగిన పానీయము గనుక మొదటివా రెవ్వరో తేల్చ నవసరము లేదని 2019లో ముగిసెను. ఆవకాయ మొదట పెట్టిన యిల్లాలెవ్వరని మనము వ్యాజ్యెము వేయలేదు గదా!

సింగపూరున కిది 1990లలోనే వచ్చి, ఒకమాఱు విజృంభించి, అణగి, 2007లో కోయి అను తైవాను సంస్థ అంగడి తెఱచిన తరువాత మరల పుంజుకొన్నది. ఈ మోజు ఎంతటిదో తెలియుటకు ఒక్క రాత్రి చాలును. కరోనా కాలమున, 2020 ఏప్రిల్ 21వ తేదీన, ప్రభుత్వము నిబంధనలను బిగించుచు, పానీయములు మాత్రమే అమ్ము దుకాణములన్నియు ఆ రాత్రి 11 గంటల 59 నిమిషములకు మూయవలెనని ప్రకటించెను. ఆ వార్త తెలిసినదే తడవుగా జనులు దుకాణముల ముందు బారులు తీరిరి. బియ్యమునకు కాదు, మందులకు కాదు, ఒక గ్లాసెడు తీపి తేనీటికి! మా అక్క కుమార్తె కప్పటికి పండ్రెండేండ్లు. ఆ రాత్రి తల్లి పోనీయలేదని నేటికిని చెప్పుకొనుచుండును.

మా బావగారు దీనిని చైనావారి తిండి యని కొట్టివేయుదురు. కాని ఆ ముత్యములు మన కంత పరాయివి కావు. కర్రపెండలపు దుంపనుండి తీసిన పిండియే వానికి మూలము. మా ప్రాంతపు సగ్గుబియ్యపు మిల్లులలో దుంపలను కడిగి, చెక్కు తీసి, తురిమి, పాలు వడకట్టి, అడుగున పేరిన పిండిని పూసలుగా చేసి, వేడి రేకులపై వేచి, ఎండలో ఆరబోయుట మేము చిన్ననాటినుండి చూచుచున్నదే. తైవానువా రదే పిండిని నల్లచక్కెరతోను మరుగునీటితోను ముద్దచేసి, గుండ్లుగా చుట్టి, ఉడికించి, పాకమున నానవేయుదురు. సగ్గు అను మన మాటకు మూలమును మలయభాషలోని సగు అను పదమే. సగు తాటిజాతి చెట్టు. దాని మ్రాను లోపలి గుజ్జునుండి తీసిన పిండి మొదటి సగ్గుబియ్యము. 1840లలో ఆ పిండిని సిద్ధపఱచు కార్ఖానా లుండుటచేతనే సింగపూరు చైనాపేటలో నొక వీథికి సాగో స్ట్రీట్ అను పేరు కలిగి నేటికిని నిలిచియున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆ దిగుమతి నిలిచిపోగా, సేలము ప్రాంతమువారు కర్రపెండలముతో సగ్గుబియ్యము చేయసాగిరి. కావున బావగారు కొట్టివేసిన గుండ్లు మన పాయసమునకును వడియములకును దగ్గఱి చుట్టములే.

అయినను మా అక్కకు కలిగిన భయము చైనావారినిగూర్చి కాదు, చక్కెరనుగూర్చి. మా తల్లిగారికి నలువదవ యేటనే మధుమేహము సంక్రమించెను. కాలిపుండు మానక రెండు వ్రేళ్లు తీసివేయవలసి వచ్చినపుడు ఆమె ప్రక్కన కూర్చుండి రాత్రులు గడపినది అక్కయే. కడుపున పుట్టినది దినమున కొక గ్లాసు చొప్పున ఆ పానీయము త్రాగుచుండగా ఏ తల్లి యూరకుండును? “ఇంటిలో నెన్ని లేవు? టీ నేను పెట్టనా?” అని అక్క. “నీవు పెట్టునది నాన్నగారి టీ అమ్మా” అని కుమార్తె. ఈ మాట కర్థము మాకు వెంటనే బోధపడలేదు. దుకాణమునకు వెంటబోయి చూచిన తరువాతనే తెలిసినది.

అచ్చట డబ్బు పుచ్చుకొను పిల్ల ప్రతివారిని ఒక ప్రశ్న యడుగును: తీపి యెంత? నూటికి నూఱు పాళ్లా, డెబ్బదియైదా, ఏబదియా, ఇరువదియైదా, సున్నయా? పిదప మంచు ఎంత, ముత్యములు వలయునా వలదా యనియు నడుగును. ఈ యాచార మీ దుకాణములతోనే పుట్టినది కాదు. ఆ నగరపు పాత కాఫీహోటళ్లలోను చక్కెర వలదనువారు కోసోంగ్ అనియు, తక్కువ చాలుననువారు స్యూ దాయ్ అనియు చెప్పుదురు. కోసోంగ్ అనగా మలయభాషలో ఖాళీ. కాని బబుల్ టీ దుకాణమువారు తామే ముందుగా నడుగుదురు. పదునాఱేండ్ల బాలికనైనను, ఆమె వెనుక నిలిచిన నాయనమ్మనైనను ఒక్కతీరుననే యడుగుదురు.

మా మేనకోడలికి ఈ ప్రశ్న నల్లేరుపై బండి. ఏబదిపాళ్ల తీపి, తక్కువ మంచు అని చెప్పి, “పిన్నీ, మీకు?” అనెను. మేము ఇరువదియైదంటిమి. తరువాత దుకాణపుపిల్ల అక్కవైపు తిరిగినది. అక్క మాటాడలేదు. ఇరువదియేండ్లుగా ఆ యింట ఎవరి కెంత చక్కెరయో తెలిసినది ఆమెకే. బావగారికి రెండు చెంచాలు, కుమారుని పాలలో మూడు, అత్తగారు వచ్చినపుడు చక్కెరకు బదులు బెల్లము, వచ్చిన చుట్టములలో నెవరి కెంతయో కాగితము చూడకుండ చెప్పగలదు. తన కెంత? అందఱికిని పోయగా గిన్నెలో మిగిలినదే ఆమె కాఫీ. దాని తీపియే ఆమె తీపి. వెనుక వరుస పెరుగుచుండగా అక్క, “నీ యిష్టమే, నీవే చెప్పుము” అని కుమార్తె వంక చూచెను. ఆ పిల్ల నవ్వలేదు. “అది నీవే చెప్పవలెనమ్మా” అనెను.

అరణ్యపర్వమున సత్యభామ, భర్తలు నీకెట్లు వశులైరని యడుగగా ద్రౌపది తన దినచర్య నంతయు వివరించును. భర్తలు భుజింపక తాను భుజింపననియు, భర్త త్రాగనిదానిని, తిననిదానిని తానును విడిచిపెట్టుదుననియు ఆ సాధ్వి చెప్పినది. సూర్యుడిచ్చిన అక్షయపాత్రయు ద్రౌపది భుజించువఱకే అన్నము పెట్టును. కావున ఆమె యందఱికంటె కడపట భుజింపవలసినదే. మా తాతగారు ఈ ఘట్టమును చదివించునపుడు ద్రౌపది ఓర్పును, గృహనిర్వాహకత్వమును మెచ్చుకొనుమని చెప్పెడివారు. మేము నేటికిని మెచ్చుకొందుము. అయినను, ఇందఱి యిష్టములు నెఱిగిన ఆ యిల్లాలి కేమి యిష్టమో మనకు తెలియదు. సత్యభామయు నది యడుగలేదు.

ఇంతమాత్రమున ఆ పానీయము మంచిదని మేము చెప్పుట లేదు. అక్క భయము నిజమైన భయమే. 100 మిల్లీలీటర్లకు 8 గ్రాముల చక్కెర యున్న తేనీరు అర లీటరు త్రాగినచో 40 గ్రాములు, అనగా పది చెంచాల చక్కెర లోనికి పోవును. పాకమున నానిన ముత్యములలోని చక్కెర దీనికి వేఱు. పెద్దవారు కలిపికొను చక్కెర దినమునకు 25 గ్రాములకు లోబడి యుండుట మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సూచించెను. సింగపూరు ప్రభుత్వము 2016లో మధుమేహముపై యుద్ధము ప్రకటించి, 2023 డిసెంబరు 30వ తేదీనుండి ఇట్టి దుకాణములలో అప్పటికప్పుడు కలిపి యిచ్చు పానీయములకు సయితము చక్కెరను, కొవ్వును బట్టి ఏ, బీ, సీ, డీ అను తరగతులు నిర్ణయించినది. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు మించిన చక్కెర యున్నచో సీ, 10 మించినచో డీ. ఆ రెండు తరగతుల గుర్తులను ధరలపట్టికలో తప్పక చూపవలెను. మా మేనకోడలు ఆ యక్షరములను చదువును గాని, తల్లి కేకలు వేసిన దినమున కావలెనని డీ పుచ్చుకొనెడిదట!

కేకలకు లొంగనిది ప్రశ్నకు లొంగినది. ఆ సాయంకాలము అక్క కొంతసే పాలోచించి ఇరువదియైదనెను. రెండు గ్రుక్కలు త్రాగి, “ఇదియు నాకు ఎక్కువే” అనెను. మఱునాడు తానే అడిగి సున్న పుచ్చుకొనెను. తేనీటి వగరు ఆమెకు నచ్చినది. తల్లి రుచి యిది యని ఆ పిల్లకును అప్పుడే తెలిసినది. మేము తిరిగి వచ్చునాటికి వారిలోవా రొక యొప్పందము చేసికొనిరి: వారమున కొక్కమాఱు, ఇద్దఱును కలిసి, ఇరువదియైదు పాళ్లకు మించకుండ, పిల్లకు మాత్రము ముత్యములతో. అప్పుడప్పుడు అది తప్పుచున్నదని అక్క వ్రాయుచున్నది. అయినను రహస్యముగా త్రాగుట మానినదట. ఆడపిల్ల గల తల్లికి అది చిన్న లాభము కాదు.

ఇట్టి దుకాణములు మన హైదరాబాదులోను వెలసినవి. రేపు మన ఊళ్లకును రావచ్చును. మన బాలికలు పోయెద మన్నచో వెంటబోయి, తరగతి యేదో, చక్కెర యెంతయో అడిగి తెలిసికొనుట మంచిది. పసిపిల్లలకు మాత్రము ఆ ముత్యములను పీల్చనీయరాదు, గొంతున కడ్డుపడును. వేడుక తీఱవలెనన్నచో నానవేసిన సగ్గుబియ్యము మెత్తగా నుడికించి, చన్నీట కడిగి, చల్లని పలుచని తేనీటిలో కొంచెము బెల్లపుపాకముతో కలిపి ఇంటనే యీయవచ్చును. నమలుటకు ముత్యములంత గట్టిగా నుండదు గాని పిల్లలు కాదనరు.

అట్లు కలుపునపుడు ఇంటిలోని ఆడువారిని కూడ, కోడలినైనను, అత్తగారినైనను, పనిచేయ వచ్చిన యామెనైనను, నీకెంత తీపి కావలెనని యడుగుడు. కొందఱు వెంటనే చెప్పలేరు. తొందరపెట్టక, వారు చెప్పువఱకు చెంచా పట్టుకొని నిలిచియుండుడు.