కంప్యూటరులో నాన్నగారు

మా యింట్లో కంప్యూటరు మీట నొక్కితే మొట్టమొదట కనబడేది మా నాన్నగారు. తెర మధ్య గుండ్రని గీతలో, ముక్కుమీదికి జారిన కళ్లజోడుతో, "ఇదేమిటిరా?" అని అడుగుతున్నట్టు చూస్తూ వుంటారు. ఆయన పోయి మూడేళ్లు దాటింది. చూడవచ్చినవాళ్లలో కొందరు మొహమాటపడుతూనే, "యింకా తీయలేదా అండీ?" అంటారు. తీశాం. వొక్కరోజు తీశాం. ఆ ముచ్చటే చెప్పబోతున్నాను.

యీ బొమ్మ సంగతి తెలియనివారి కోసం ముందు రెండు ముక్కలు. యింట్లో కంప్యూటరు వొకటే వుండి, వాడేవాళ్లు నలుగురైతే నలుగురికీ నాలుగు ఖాతాలు పెట్టుకోవచ్చు. బ్యాంకులో లాగే అనుకోండి. కాకపోతే యిక్కడ దాచుకునేది డబ్బు కాదు. ఉత్తరాలు, ఫోటోలు, నాబోటివాడైతే సగం రాసి వదిలేసిన వ్యాసాలూను. ఖాతాకొక పేరు, పేరు పక్కన వొక బొమ్మ. నిజం చెప్పాలంటే ఆ బొమ్మతో కంప్యూటరుకి పని లేదు. పేరుతోనూ లేదు. లోపల అది ఖాతాకొక బారెడు అంకె కేటాయించుకుని ఆ అంకెతోనే మనల్ని పోల్చుకుంటుంది. పేరు మార్చినా, బొమ్మ మార్చినా దానికి మనం ఆ అంకెమే. బొమ్మ కావలసింది యింట్లో మనుషులకి.

మా మొదటి కంప్యూటరు 2006లో భీమవరంలో కొన్నాం. గతుకుల రోడ్డుమీద పసిపిల్లలా వొళ్లో పెట్టుకుని కలిదిండి తెచ్చాం. అందులో వున్నది 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ. కొత్త ఖాతా తెరవగానే ఎక్స్‌పీ తనంతట తానే వొక బొమ్మ అంటగట్టేది. నచ్చకపోతే దాని దగ్గరున్న వాటిలోంచి యింకోటి యేరుకోవచ్చు. పసుపుపచ్చ రబ్బరు బాతు, గిటారు, చదరంగం పావులు, కప్ప, సీతాకోకచిలుక, వ్యోమగామి, మంచుపువ్వు, చేప. వొక్కొక్కటీ 48 చుక్కల పొడుగు, 48 చుక్కల వెడల్పు. తపాలాబిళ్లకన్న చిన్నది. మా నాన్నగారు పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు గనక ఆ పోలిక మొదట ఆయనే తెచ్చారు.

ఆ రోజు యింటిల్లిపాదికీ పెళ్లిచూపుల సందడి. చేపల చెరువులున్న మా బావమరిది తెరమీద చేపని అటూ యిటూ పరీక్షించి, "ఇది బొచ్చే కాదు, శీలావతీ కాదు. దీన్ని పెంచితే కొనేవాడెవడు బావగారూ?" అని పెదవి విరిచాడు. మే నెలలో చూడడానికి చల్లగా వుంటుందని నేను మంచుపువ్వు తీసుకున్నాను. నాన్నగారు బాతుని పట్టుకున్నారు. "కొల్లేటి గాలి పీలుస్తూ బాతుని కాదనడం మర్యాద కాదురా" అన్నారు. రెండు నిమిషాలు చూసి, "దీనికి మెడ యేదీ?" అని సందేహం వెలిబుచ్చారు. అది ప్రాణమున్న బాతు కాదనీ, పిల్లలు స్నానాల తొట్టిలో వదులుకునే ఆటబొమ్మ అనీ చెప్పాను. అయినా మార్చలేదు. పన్నెండేళ్లు ఆ బాతే ఆయన గుర్తు.

అమ్మకి ఖాతా తెరవలేదు. కావాలా అని యెవరూ అడగలేదు.

మనిషికి గుర్తు ముఖమే కానక్కరలేదని ఆ సందర్భంలో నేను చిన్న ఉపన్యాసం దంచాను. పాఠం చెప్పుకు బతికేవాడికి యింట్లో కూడా గంట కొట్టినట్టే వుంటుంది. మా కలిదిండి పేరుమీద వొక రాగిశాసనం వున్నది. మహాభారతం తెనిగించమని నన్నయగారిని కోరిన రాజరాజనరేంద్రుడే దాన్ని వేయించాడు. కర్ణాట సైన్యంతో యిక్కడ జరిగిన పోరులో ముగ్గురు చోళ సేనానులు ప్రాణాలు విడిస్తే, వాళ్ల పేరిట యీ వూళ్లో మూడు శివాలయాలు కట్టించి మాన్యాలిచ్చాడు. తూర్పుచాళుక్యుల శాసనాల రేకులను గుచ్చిన వలయానికి ముద్ర వుంటుంది. ముద్రమీద రాజుగారి ముఖం వుండదు. వరాహం, అంకుశం, సూర్యచంద్రులు, 'శ్రీ త్రిభువనాంకుశ' అనే బిరుదం వుంటాయి. అంటే ఆ వంశానికి ఖాతా బొమ్మ వరాహమన్నమాట.

నాన్నగారు అంతా సావధానంగా విని, "బాగానే వుంది గాని, నేను పంది బొమ్మ పెట్టుకుంటే మీ అమ్మ నాకు వంటింట్లో పీట వెయ్యదు" అన్నారు.

2018లో ఆ పెట్టె మూలపడి కొత్తది వచ్చింది. అందులో విండోస్ పది. బాతులూ లేవు, కప్పలూ లేవు. ఖాతా తెరిస్తే బూడిదరంగు మనిషి వొకడు ప్రత్యక్షమవుతాడు. తల వుంటుంది, భుజాలుంటాయి, ముఖం మాత్రం వుండదు. కొత్త కంప్యూటరులో మొట్టమొదటి ఖాతా, అంటే యజమాని అధికారాలుండే ఖాతా, నాన్నగారి పేరనే తెరిచాను. ఆ బూడిద మనిషిని చూసి ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది.

"ముఖం లేనివాడికి నేను మనియార్డరు యివ్వను."

ఆయన అన్నది హాస్యానికి కాదు. నా చిన్నప్పుడు మనియార్డరు కోసం వచ్చిన చదువురాని ముసలమ్మలు పోస్టాఫీసు మెట్లమీద కూర్చునేవారు. నాన్నగారు వేలిముద్ర వేయించుకుని, ఆ మనిషి ఆ మనిషేనని చెప్పగల సాక్షి చేత సంతకం పెట్టించుకుని గాని డబ్బు లెక్కపెట్టేవారు కాదు. ఆయనకి ఆ ముసలమ్మ యెవరో తెలుసు. ఆమె మనవల పేర్లు కూడా తెలుసు. అయినా సాక్షి వుండవలసిందే.

సెట్టింగులలో అకౌంట్లు అనే చోటికి వెడితే ఫోటో పెట్టుకునే వీలుంటుంది. వున్న ఫోటోనైనా యెంచుకోవచ్చు, అక్కడికక్కడే కెమేరాతో తీసుకోనూవచ్చు. తీయడమే మేలనుకున్నాం. నాన్నగారు బనీనుమీద వున్నవారు లోపలికి వెళ్లి చొక్కా తొడుక్కుని, జుట్టు దువ్వుకుని వచ్చారు. అంతా సవరించుకున్న తర్వాత, కెమేరా యెక్కడుందో వెతకడానికి ముందుకి వంగారు. కళ్లజోడు జారింది. నేను నొక్కేశాను. యింకోటి తీద్దామంటే, "ముఖం వచ్చింది కదా, చాలు" అన్నారు. పిన్ను పెట్టుకోమంటే పోస్టుమాస్టరు యింకేం పెడతారు? మా వూరి పిన్‌కోడే పెట్టారు. 1972 ఆగస్టు 15న దేశంలో పిన్‌కోడు వచ్చేనాటికి ఆయన వుద్యోగానికి కొత్త. ఆ అంకెమీద ఆయనకి కన్నబిడ్డమీద వున్నంత మమకారం. (పత్రికలో రాసేశాను గనక యిప్పుడది మార్చుకోవాలి.)

2022 ఏప్రిల్‌లో మా కలిదిండి కృష్ణా జిల్లాలోంచి కొత్త ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. "జిల్లా మారిందిగాని పిన్‌కోడు మారలేదు, చూశావా?" అని ఆయన సంబరపడ్డారు. ఆ యేడే పోయారు.

ప్రింటరు ఆయన ఖాతాలోనే అమర్చి వుండేది. నా ఖాతా వుంది గాని అందులోకి వెడితే అచ్చుకి మళ్లీ యిందులోకి రావాలి. అంచేత నేనూ, మా ఆవిడా, పిల్లలూ అందరం నాన్నగారి ఖాతాలోనే కాపురం చేస్తూ వచ్చాం. ఉమ్మడి కుటుంబం. మీట నొక్కగానే ఆయన. ఆయన పిన్ను కొడితే లోపలికి. కొన్నాళ్లకి ఆ బొమ్మ నా కంటికి ఆనడం మానేసింది. గోడ గడియారం చప్పుడు వినబడనట్టే.

ఆ రోజుల్లోనే అమ్మకి కొత్త అలవాటొకటి పట్టుబడింది. పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చి, కంప్యూటరు మీట తానే నొక్కేది. నొక్కి, కొంతసేపు నిలబడి, వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను కాలేజీకి బయల్దేరే హడావిడిలో వుంటాను గదా, నాకు పని తప్పిద్దామని ముందుగా పెడుతున్నది కాబోలు అనుకున్నాను. "ఎందుకమ్మా నీకీ శ్రమ?" అని వొకటి రెండుసార్లు అన్నాను కూడా. మూడేళ్లు అలా అనుకుంటూనే వున్నాను. తెలుగులో ఎమ్మే చదివి, క్లాసులో శ్లేషలు విప్పి చెప్పేవాణ్ణి.

మొన్న 2025 దీపావళికి మా అమ్మాయి హాస్టలునుంచి వచ్చింది. విండోస్ పదికి మామూలుగా ఉచితంగా అందే భద్రతా సవరణలు అక్టోబరు 14తో ఆగిపోయాయనీ, మా పెట్టె పాతది గనక పదకొండుకి పనికిరాదనీ చెప్పి, దానికి వైద్యం మొదలుపెట్టింది. అక్కర్లేని సామానంతా యేరిపారేసింది. "అందరూ తాతయ్య ఖాతాలో దూరడమేమిటి నాన్నా? ఎవరిది వాళ్లు వాడుకోండి" అని మందలించింది. అంతటితో ఆగక, తాతయ్య బొమ్మ రోజూ కళ్లబడితే మామ్మకి దిగులు కదా అని ఆ ఫోటో మార్చింది. వొక బొమ్మ పెట్టి, నచ్చక యింకోటి పెట్టి, యిలా నాలుగైదు మార్చి, పండగ గనక చివరికి ప్రమిద బొమ్మ వుంచింది. పిల్లది మంచికే చేసింది. నాకు చెప్పింది కూడా. నేను పేపర్లు దిద్దుకుంటూ "సరేనమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున్న హాల్లోంచి అమ్మ గొంతు.

"ఆయనేరీ?"

వెళ్లి చూద్దును గదా, అమ్మ తెర ముందు నిలబడి వుంది. ప్రమిద వెలుగుతోంది. "ఆయనేరిరా?" అని మళ్లీ అడిగింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడ నావైపు చూసిన చూపుని బట్టి ఆవిడకి మొదటినుంచీ తెలుసునని అర్థమైంది.

"గోడమీద నాన్నగారి పటం వుంది కదమ్మా" అన్నాను, యేమనాలో తోచక.

"ఆ పటంలో ఆయన ఫోటోకి నిలబడ్డారురా. యిందులో మనింట్లో కూర్చున్నారు."

మా అమ్మాయి ముఖం పాలిపోయింది. పరుగెత్తుకొచ్చి సెట్టింగులు తెరిచింది. వెనక పెట్టుకున్న బొమ్మలు అక్కడ చిన్నచిన్న గుండ్రాలుగా వరసలో కనబడతాయి, కావాలంటే నొక్కి మళ్లీ తెచ్చుకోవచ్చు. అయితే అక్కడ కనబడేవి యిటీవలివి కొద్దే. పిల్లది నాలుగైదు మార్చడంతో నాన్నగారు వరసలోంచి జారిపోయారు. ఆ ఫోటోకి వేరే ప్రతి మా ఆల్బముల్లో యెక్కడా లేదు. ఆ అరగంటలో యింట్లో యెవరూ కాఫీ అడగలేదు.

చివరికి దొరికారు. ఖాతాదారు పేరున వుండే ఫోల్డరులో, మామూలుగా కంటికి కనబడకుండా దాచివుంచే అరలో, పాత ఖాతా బొమ్మలు పడి వుంటాయట. చాలామంది ఆ సంగతి యెరగరు. మేము ఖాతానే తొలగించి, దానితోపాటు సమాచారమూ పోవడానికి 'సరే' అని నొక్కివుంటే ఆ అర కూడా పోయేది. మా అమ్మాయి ముందురోజు ఆ పని చెయ్యబోయి, అది యజమాని ఖాతా అని గుర్తొచ్చి మానుకుందట. ఆ మాట విన్నప్పుడు నాకు కాళ్లలో సత్తువ పోయింది.

అరలోని ఫైళ్లు మామూలు ఫోటోల్లా తెరుచుకోవు. పిల్లది యేదో చిన్న సాధనం సంపాదించి తెరిచింది. అప్పుడు తెలిసింది మరో సంగతి. తెరమీద గుండ్రంగా చూపిస్తుంది గాని, కంప్యూటరు దాచుకున్న బొమ్మ గుండ్రం కాదు, చదరం. 448 చుక్కల నిడివి, అంతే వెడల్పు. నాలుగు మూలలూ గుండ్రని గీత వెనక యిన్నేళ్లూ మరుగున పడి వున్నాయి. మధ్యని నాన్నగారు వంగి చూస్తున్నారు. కుడివైపు కింది మూలలో వొక చెయ్యి. రెండు గాజులు. స్టీలు గ్లాసు.

అమ్మ దగ్గరికి వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఆవాళ కాఫీ చల్లారిపోయింది. మళ్లీ కాచి యిచ్చాను" అంది.

ఆ చదరాన్ని మళ్లీ పెట్టాం. ప్రతులు తీసి మూడుచోట్ల దాచాం. తెరమీద మాత్రం మళ్లీ గుండ్రమే, చెయ్యి కనబడదు. అది మా చేతుల్లో లేదు.

మా అమ్మాయి వెళ్లేముందు అమ్మకి కూడా ఖాతా తెరిచింది, పంతొమ్మిదేళ్లు ఆలస్యంగా. అమ్మ చీర మార్చుకు వచ్చి కెమేరా ముందు కూర్చుంది. ఫోటో చక్కగా వచ్చింది. అమ్మ పేరిట లోపలికి వెళ్లి వచ్చి, మళ్లీ కంప్యూటరు తెరిచాం. చివర యెవరు వాడితే వాళ్ల బొమ్మ పెద్దదిగా నడిమధ్య వుంటుంది. తక్కినవాళ్లు ఎడమచేతి కింది మూలలో చిన్నచిన్నగా వరస కడతారు. అమ్మ తెరమీదికి చూసి నిర్ఘాంతపోయింది.

"నేను నడిమధ్యనా? ఆయన మూలనా? యిదేం పెద్దరికమే!"

ఎంత చెప్పినా వినలేదు. అంచేత యిప్పుడు మా యింట్లో వొక కట్టడి అమలులో వున్నది. పగలంతా యెవరి ఖాతా వాళ్లు వాడుకోవచ్చు. రాత్రి కంప్యూటరు కట్టేసేవాళ్లు నాన్నగారి ఖాతాలోకి వొకసారి వెళ్లి వచ్చి మరీ కట్టెయ్యాలి. అలా చేస్తే పొద్దున్న ఆయన మధ్యని వుంటారు, అమ్మ మూలనించి చూస్తూ వుంటుంది. వీధి తలుపు గడియ, గ్యాసు మీట, నాన్నగారు. పడుకునేముందు చూసుకోవలసినవి మూడు.

మొన్న రాత్రి నేను పరీక్ష మార్కులు యెక్కిస్తూ పొద్దుపోయి, నిద్రమత్తులో నా ఖాతాలోనే కట్టేసి పడుకున్నాను. నా ఖాతాకి యిప్పటిదాకా బొమ్మ పెట్టుకోలేదు. తెల్లవారి అలికిడికి లేచి హాల్లోకి వెళ్లేసరికి అమ్మ తెర ముందు నిలబడి వుంది. తెరమీద ముఖం లేని బూడిదరంగు మనిషి.

"వీడెవడురా?" అంది.

"నేనేనమ్మా" అన్నాను.