అవ్వ పాటలు – పాత కంప్యూటరు

హోసూరులో మా ఇంట్లో 2008లో కొన్న కంప్యూటరు ఉండేది. మా అవ్వ పాడిన లాలిపాటలు, దంపుళ్ల పాటలు అందులోనే దాచాను. అవ్వ పోయాక మాకు మిగిలినవి ఆ పాటలే. పదేళ్లకు ఆ యంత్రం బాగా మందగించింది. "పారేసి కొత్తది కొనరా!" అంది అమ్మ. నాకు మనసొప్పలేదు.

దానిలో ఉన్నది ఒక్క జీబీ మెమరీ. బొమ్మల పనికి కూడా అందులోంచే కొంత పోయేది. అందుకని కొత్త మెమరీ, గ్రాఫిక్స్ కార్డు కొనుక్కొచ్చాను. కరెంటు తీగ ఊడదీసి మూత విప్పాను. ఒంట్లోని స్థిర విద్యుత్తు భాగాలను చెడగొట్టకుండా ముందుగా ఇనుప చట్రాన్ని తాకాను. మెమరీ ఎంత నొక్కినా గాడిలో కూర్చోలేదు. పాతది డీడీఆర్ 2. నేను తెచ్చింది డీడీఆర్ 3. రెండింటికీ 240 పిన్నులే, కాని నడుమనున్న గంటు చోటు వేరు. చూసి కొనకపోవడం నా తప్పే.

మార్చి తెచ్చి, కార్డు కూడా బిగించాను. తెర వెలగలేదు! పాటలు పోయాయని గుండె జారింది. పెట్టె ఎత్తుకొని దుకాణానికి పరుగెత్తాను.

"భయపడకండన్నా! కరెంటు పోతే చెరిగిపోయేది మెమరీలోనిది. పాటలు హార్డ్ డిస్కులో భద్రంగా ఉంటాయి. మీ పవర్ సప్లై ఈ కార్డుకు చాలదు, అంతే" అన్నాడు దుకాణదారు. తక్కువ కరెంటు తీసుకొనే చిన్న కార్డు ఇచ్చాడు.

ఆ సాయంత్రం అవ్వ గొంతు మళ్లీ వినిపించింది. అమ్మ పని మాని వచ్చి కూర్చుంది. ఆ రాత్రే పాటలన్నిటికీ మరో ప్రతి తీసి వేరే చోట దాచాను. అసలు మొదట చేయవలసిన పని అదే!