పదునుతో పరిచయం

మానవుడు తన కంఠానికి అతి సమీపంగా రానిచ్చే ఆయుధం గడ్డం గీసే కత్తి ఒక్కటే. యుద్ధరంగంలో శత్రువు కత్తికి దూరంగా తొలగే వీరుడు కూడా క్షురకుని ఎదుట కళ్ళు మూసుకొని, మెడను నిశ్చింతగా అప్పగిస్తాడు. ఈ నిశ్చింత ఎక్కడి నుండి వచ్చింది? కత్తి మొద్దుబారినది కావడం వలన కాదు. అది ఎంత పదునైనదైతే పని అంత బాగా సాగుతుంది. ఆ నిశ్చింతకు ఆధారం కత్తిని పట్టిన చేయి. పదునుకూ చేతికీ మధ్య ఉన్న ఈ సంబంధం గడచిన రెండున్నర శతాబ్దాలలో ఎన్నో మలుపులు తిరిగింది. స్నానాల గదిలో ఒక మూల పడి ఉండే చిన్న పరికరం ఆ కథనంతటినీ తనలో దాచుకొని ఉన్నది.

కఠోపనిషత్తు ఆత్మజ్ఞాన మార్గాన్ని క్షురధారతో పోల్చింది. నడవడానికి అతి కష్టమైన దారి అని చెప్పడానికి అంతకంటె తగిన ఉపమానం లేదు. తెలుగువారు ఆ భావాన్నే 'కత్తిమీద సాము' అన్న నుడికారంలో ఇముడ్చుకొన్నారు. పూర్వం మన పల్లెలలో క్షురకుడు ఆ సామును ప్రతిదినమూ చేసేవాడు. కత్తి, కత్తెర, సానరాయి, తోలుపట్టీ, నీళ్ళగిన్నె, చిన్న అద్దం తన పొదిలో సర్దుకొని ఇంటింటికీ వచ్చేవాడు. అరుగు మీదనో, చెట్టు నీడనో కూర్చోబెట్టి, గడ్డాన్ని నీటితో తడిపి, వేళ్ళతో మర్దించి మెత్తపరచి, ఆ తరువాతనే కత్తిని తెరచేవాడు. పంట కళ్ళానికి చేరినప్పుడు కొలిచి ఇచ్చే మేర అతని ప్రతిఫలం. పెళ్ళిపందిట్లో నాదస్వరం మీద కదలాడే వేళ్ళు కూడా అనేక గ్రామాలలో ఆ కుటుంబాలవే. సమాజం ఆ చేతికి తన కంఠాన్ని అప్పగించింది గాని, తగిన గౌరవాన్ని మాత్రం అప్పగించలేదు.

మంగలికత్తి విషయంలో భద్రత అంతా చేతిలోనే ఉంటుంది. కత్తికి ఏ అడ్డూ లేదు, ఏ కాపూ లేదు. అందుచేత అది నిపుణుల చేతి పరికరంగానే చాలాకాలం మిగిలిపోయింది. తన గడ్డాన్ని తానే గీసుకోవాలన్న కోరిక సామాన్యునికి కలిగినప్పుడు, ఆ భద్రతలో కొంత భాగాన్ని పరికరానికి బదిలీ చేయవలసి వచ్చింది. పారిస్ నగరంలో కత్తులు తయారుచేసే ఝాఁ జాక్ పెరే అనే ఆయన కత్తి అంచుకు కొయ్య కాపును అమర్చి, చర్మం లోతుగా తెగకుండా చేశాడు. ఎవరి గడ్డం వారే గీసుకొనే విద్యను బోధిస్తూ 1769లో ఒక గ్రంథాన్నే రచించాడు. 1880లో అమెరికాలోని కాంఫ్ సోదరులు పిడికి అడ్డంగా తల ఉండే రేజరుకు పేటెంటు పొందారు. అయితే వాటి అలుగులను కూడా మాటిమాటికి నూరుకోవలసిందే. కత్తి మారింది గాని సానరాయి పోలేదు.

సానరాయిని ఇంటి నుండి సాగనంపినవాడు కింగ్ క్యాంప్ జిలెట్. ఆయన సీసాల మూతలు తయారుచేసే కంపెనీలో అమ్మకాల ఉద్యోగి. ఆ మూతను కనిపెట్టిన విలియం పెయింటర్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడు. ఒకసారి వాడి పారవేసే వస్తువును కనిపెడితే, కొన్నవాడు మళ్ళీ మళ్ళీ కొనడానికి వస్తాడన్నది ఆ సలహా సారాంశం. 1895లో ఒక ఉదయం మొద్దుబారిన కత్తిని చేత పట్టుకొని నిలుచున్న జిలెట్‌కు, నూరనక్కరలేని పలుచని ఉక్కు రేకు ఆలోచన తట్టింది. అంత పలుచని ఉక్కును గట్టిపరచి పదును పెట్టడం అసాధ్యమని లోహ నిపుణులు పెదవి విరిచారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు ఆ చిక్కును విప్పాడు. 1901లో కంపెనీ వెలసింది. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మరుసటి సంవత్సరం రేజర్ల సంఖ్య తొంభై వేలు దాటింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం సుమారు 35 లక్షల రేజర్లను కొన్నది. యుద్ధం ముగిసి ఇండ్లకు చేరినవారితోపాటు ఆ అలవాటు కూడా ఇండ్లకు చేరింది.

ఈ రేజరు నిర్మాణం మిక్కిలి సరళమైనది. ఒక పిడి, ఒక అడుగు పలక, ఒక పై మూత. ఆ రెండింటి మధ్య ఇమిడి, కొద్దిగా వంగి, అంచులు మాత్రమే బయటికి కనిపించే రెండంచుల బ్లేడు. దాని మందం మిల్లీమీటరులో పదవ వంతు. అంచు కింద ఉన్న కడ్డీ చర్మాన్ని ఆపుతుంది, వెంట్రుకను అంచుకు అందిస్తుంది. అంతవరకే దాని బాధ్యత. ఏ వాలులో పట్టాలి, ఎంత ఒత్తాలి, ఏ దిశగా నడపాలి అన్నవి చేయి నిర్ణయించుకోవలసిన విషయాలు. అనగా ఇక్కడ భద్రత సగం పరికరానిది, సగం చేతిది.

ఆ మిగిలిన సగాన్ని కూడా చేతి నుండి తీసుకోవడమే తరువాతి చరిత్ర. 1971లో జంట అంచుల కార్ట్రిడ్జి వచ్చింది. 1998లో మూడు, 2003లో నాలుగు, 2006లో అయిదు అంచులు వచ్చి చేరాయి. మెడ తిరిగినట్లు తిరిగే తల తన వాలును తానే సరిచేసుకొంటుంది. వాడేవాడు కళ్ళు నిద్రమత్తుగా ఉన్నా, మనస్సు ఎక్కడో ఉన్నా పని జరిగిపోతుంది. ఇది సామాన్యమైన సౌకర్యం కాదు. చేతులు వణికే వృద్ధులకు, రోగిని పడకమీదనే శుభ్రపరచవలసిన సేవకులకు ఇది నిజంగా వరం. అయితే ఆ సౌకర్యానికి మూల్యం కూడా ఉన్నది. ఉక్కు, ప్లాస్టిక్ విడదీయరాకుండా కలిసిపోయిన ఆ చిన్న తల మొద్దుబారగానే చెత్తబుట్ట పాలవుతుంది. దాని వెల రెండంచుల బ్లేడు వెలకు అనేక రెట్లు. పైగా మొదటి అంచు వెంట్రుకను కొంచెం పైకి లాగగా, అది వెనుకకు జారేలోగా రెండవ అంచు మరింత కిందికి కోస్తుంది. గిరజాల వెంట్రుకలు గలవారికి అలా తెగిన మొన చర్మం లోపలే వంగి పెరిగి, ఎర్రని పొక్కులకు దారితీయవచ్చు.

ఈ కారణాలలో ఏదో ఒకటి పురికొల్పగా, కొందరు యువకులు తాతలనాటి సేఫ్టీ రేజరు వైపు మళ్ళుతున్నారు. అటువంటి యువకుని మొదటి నెల గమనింపదగినది. మొదటి ఉదయం అతడు కార్ట్రిడ్జిని వాడిన అలవాటుతోనే రేజరును చెంపకు అదుముతాడు. చుబుకం కింద రెండు ఎర్రని చుక్కలు వెంటనే సమాధానం చెబుతాయి. రెండవ ఉదయం భయంతో వాలు తప్పుతాడు. బ్లేడు చర్మం మీద జారిపోతుంది, గడ్డం అలాగే ఉంటుంది. వారం గడిచేసరికి అతనికి ఒక సంగతి బోధపడుతుంది. లోహపు తలకు దాని బరువే చాలు. చేయి చేయవలసినది దానిని నడిపించడమే గాని, నెట్టడం కాదు. చర్మానికి సుమారు ముప్పై డిగ్రీల వాలులో పట్టి, చిన్నచిన్న గీతలుగా, మొదట వెంట్రుక పెరిగిన దిశలోనే కదిలించాలి. పదును ఉన్నచోట బలంతో పనిలేదు. బలప్రయోగానికి తొందరపడేవాడు తన పదును మీద నమ్మకం లేనివాడే.

రెండవ వారంలో అతడు తన ముఖాన్నే కొత్తగా చదవడం నేర్చుకొంటాడు. చెంపమీద కిందికి వాలిన వెంట్రుకలు మెడమీద పక్కకు తిరుగుతాయి. దవడ మూలన సుడి ఉంటుంది. ప్రతిరోజూ అద్దంలో చూసుకొనే ముఖంలో ఇంత భూగోళం ఉన్నదని అతడు అంతవరకు ఎరుగడు. తడపడం ఎందుకో కూడా అప్పుడే తెలుస్తుంది. నీటిని పీల్చుకొన్న వెంట్రుక మెత్తబడి సులభంగా తెగుతుంది. అందుకు రెండు మూడు నిమిషాల ఓపిక కావాలి. కుంచెతో సబ్బును చిలికి తీసిన నురగ ఆ తేమను పట్టి ఉంచుతుంది, అంచు సాఫీగా జారేటట్లు చేస్తుంది. పల్లె క్షురకుడు నీళ్ళు చిలకరించి వేళ్ళతో గడ్డాన్ని మర్దించినప్పుడు చేసినది ఈ శాస్త్రీయమైన పనినే. చివర చల్లని నీళ్ళు, ఒక పటిక ముక్క. పటిక చుర్రుమన్నచోట చేయి తప్పు చేసినట్లు లెక్క. అంతకంటె నిష్పక్షపాతి అయిన పరీక్షకుడు ఏ కళాశాలలోనూ దొరకడు.

వెంట్రుకను తక్కువగా చూడరాదని విజ్ఞానశాస్త్రం కూడా నిరూపించింది. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు బ్లేడు మొద్దుబారే తీరును సూక్ష్మదర్శినిలో పరిశీలించారు. ఉక్కు వెంట్రుక కంటె సుమారు యాభై రెట్లు గట్టిది. అయినప్పటికీ వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు నిర్మాణం అంతటా ఒకే తీరుగా లేనిచోట, అంచు నుండి అతి సూక్ష్మమైన పెచ్చు ఊడిపోతున్నదని వారు కనుగొన్నారు. మెత్తనిది గట్టిదానిని అరగదీయగలదన్న మాట. కనుక బ్లేడును కూడా అయిదారు వాడకాలకు మించి శ్రమపెట్టక, పదును తగ్గగానే మార్చుకోవడం వివేకం.

ఈ మార్పును 'సంప్రదాయానికి తిరిగిరావడం' అని పిలవడం పరిపాటి. ఆ మాటను కొంత జాగ్రత్తగా వాడాలి. ఒకనాడు సానరాయిని తోసివేసి, పారవేసే సంస్కృతికి తలుపు తెరచినది ఈ రేజరే. నాటి వింత నేటి సంప్రదాయం. అదిగాక మన దేశంలో ఇది ఎన్నడూ పూర్తిగా పోయినది కాదు. 2010లో జిలెట్ కంపెనీ భారతీయుల కోసం 15 రూపాయల ఒంటి అంచు కార్ట్రిడ్జి రేజరును విడుదల చేసేనాటికి, ఇక్కడ కోట్లాది మంది నేలమీద కూర్చొని, చెంబెడు నీళ్ళతో, చిన్న అద్దం ముందు పెట్టుకొని రెండంచుల బ్లేడుతోనే గడ్డం గీసుకొంటున్నారు. అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులతో అంతకుముందు చేయించిన పరీక్షలో ఆ చెంబు సంగతి తయారీదారులకు తట్టనే లేదు. కుళాయి ధార లేనిచోట, అంచుల మధ్య ఇరుక్కొన్న వెంట్రుకలను కడగడం ఎంత కష్టమో వారికి ఇక్కడికి వచ్చి చూసిన తరువాతనే అర్థమయింది. ఒకరికి వెనుకబాటుగా కనిపించిన అలవాటులో మరొకరి పరిస్థితులకు తగిన పొందిక ఉండవచ్చు. కనుక పాతది కాబట్టి మంచిదనడమూ, కొత్తది కాబట్టి మంచిదనడమూ రెండూ తొందరపాటే. అడగవలసిన ప్రశ్న వేరు: ఈ పరికరం మనిషికి ఎంత పని మిగిల్చింది? ఆ పని అతనిని మెరుగుపరుస్తున్నదా?

సేఫ్టీ రేజరును చేపట్టినవాడు భద్రతలో సగాన్ని తన చేతికి తిరిగి తెచ్చుకొన్నవాడు. అయితే ఆ సగం బాధ్యత తన చెంపతో ముగిసిపోదు. వాడిన బ్లేడును కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసినంత మాత్రాన దాని పదును పోదు. తెల్లవారుజామున ఆ చెత్తను ఒట్టి చేతులతో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుని వేళ్ళకు అది తగులుతుంది. రక్తం అంటిన అంచు ద్వారా కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ బి వంటి వ్యాధులు సోకే ప్రమాదమున్నది. అందుచేతనే ఒకరి బ్లేడును మరొకరు వాడరాదు. క్షౌరశాలలో కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొగమాటపడరాదు. ఇంట్లో ఒక పాత రేకు డబ్బా మూతకు సన్నని చీలిక పెట్టి, వాడిన బ్లేడ్లను అందులో జారవిడిస్తే అది నిండడానికి ఏళ్ళు పడుతుంది. నిండిన తరువాత మూతను గట్టిగా బిగించి, లోపల బ్లేడ్లున్నవని పైన రాసి, విడిగా అప్పగించవచ్చు. ఇందుకు ఖర్చు లేదు, శ్రమ లేదు. కావలసినది కనిపించని మరొక చేతిని తలచుకోవడం మాత్రమే.

యౌవనంలో అడుగుపెట్టేవానికి పై పెదవిమీద నూనూగు మీసం మొలవడం ప్రకృతి ఇచ్చే సూచన. ఆ వయస్సులో చేతికి అందే పదునైన వస్తువు రేజరు ఒక్కటే కాదు. మాట ఉన్నది, తెలివి ఉన్నది, కోపం ఉన్నది. వాటిని ఏ వాలులో పట్టాలో, ఎంత తేలికగా కదిలించాలో, ఎక్కడ ఆపాలో ఏ యంత్రమూ మనకు మారుగా నిర్ణయించదు. పదును మనిషికి శత్రువు కాదు, అజాగ్రత్తయే శత్రువు. తన చేతిలోని పదునుతో తాను గాయపడకుండా, ఇతరులను గాయపరచకుండా మెలగడం నేర్చినవాడే పెద్దవాడైనట్లు.